పైపుల కొట్టులో రెండు గొంతులు

చీకటి పడ్డాక ఆ మలుపులో ఉన్న పైపుల కొట్టు ముందు నుంచి ఒంటరిగా నడిచే మొనగాడు ఈ వీధిలో లేడు సార్... తల వంచండి. ఇంకాస్త. ఆ, అలాగే ఉంచండి, కత్తెర ఆడుతోంది.

అదిగో, ఆ నీలంరంగు షట్టరు. పగలు చూస్తే ఏముంది? పైపు ముక్కలు, కుళాయిలు, ఓ బల్ల, ఓ కుర్చీ. సాయంత్రం ఏడింటికి లైటు తీసేసి, షట్టరు దించి, తాళం వేస్తారు. లోపల పురుగు కూడా ఉండదు.

మరి ఎనిమిదిన్నరకి లోపల నుంచి మాటలెలా వినిపిస్తాయి?

మొదట విన్నది ఇస్త్రీ ఆవిడ. బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్తోంది. షట్టరు వెనక నుంచి ఎవరో ఆడమనిషి... మెత్తగా, తీయగా... "చెప్పండి... వింటున్నాను..." అంది. ఈవిడ తనతోనే అనుకుంది పాపం. ఆగి, "ఏం చెప్పమంటావమ్మా?" అని అడిగింది కూడా. అప్పుడు ఇంకో గొంతు— బొంగురుది, ఏడ్చి ఏడ్చి అరిగిపోయినది— "లే..." అంది. "ఆ కుర్చీలోంచి లే... అది నాది..."

మూట అక్కడే ఉంది, ఆవిడ లేదు. మర్నాడు పొద్దున్న ఎవరి చొక్కా ఎవరిదో తేల్చుకోవడానికి వీధి వీధంతా రోడ్డు మీద నిలబడ్డాం.

ఇక చూస్కోండి. ఆ కొట్టు కట్టకముందు అక్కడ బావి ఉండేదని ఒకాయన అన్నాడు. ఆ బావిలో ఎవరో పడ్డారని ఇంకొకాయన. పడ్డది ఒకరు కాదు, తోడికోడళ్ళిద్దరని మూడో రోజుకి తేలింది. అందుకే రెండు గొంతులట! బావిలో పడ్డవాళ్ళకి కుర్చీ గొడవేమిటని నేనడిగితే దెయ్యాలకి ఎదురు ప్రశ్నలు వేయకూడదని నన్నే కసిరారు. పైగా, ఆ రాత్రి నుంచి నా సెలూనుకి వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు, ఆ కొట్టు దాటి రావాలి కదా మరి.

నేను భయపడే మనిషిని కాను సార్. ఆ రోజుల్లో ఏడింటికే తలుపులేసి ఇంటికి పోయిన మాట నిజమే. మోకాలి నొప్పి.

అసలు సంగతి తెలియాలంటే ఆ కొట్టు మనుషుల గురించి చెప్పాలి. అక్కాతమ్ముళ్ళది అది. ఆవిణ్ణి వీధంతా పెద్దక్క అంటుంది. ఆవిడ తమ్ముణ్ణి తమ్ముడంటుంది కాబట్టి మేమూ తమ్ముడనే అంటాం. ఆయనకి యాభై రెండేళ్ళు, పూర్తి బట్టతల. నాకు ఒక్క వెంట్రుక కూడా మిగల్చలేదు మనిషి. అయినా అందరికీ తమ్ముడే.

తమ్ముడు ఊరంతా తిరిగి కుళాయిలు, పైపులు బాగుచేస్తాడు. పెద్దక్క కొట్టులో ఆ కుర్చీలో కూర్చుని ఫోనెత్తుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఎత్తడమంటే అందరిలా కాదు. "హలో" అనదు. "మళ్ళీ ఏమైంది?" అంటుంది. అవతలి మనిషి పేరు చెప్పేలోపే గొంతు పట్టేస్తుంది.

"మీరా! ట్యాంకు మూత పెట్టమని కిందటిసారి చెప్పానా లేదా? పావురం పడిందా లేదా? సరే, ఏడుపు ఆపండి. మెట్ల కింద ఎర్ర చక్రం ఉంటుంది, కుడివైపు తిప్పండి. కుడివైపు! మీరు ఏ చేత్తో రాస్తారు? ఎడం చేత్తోనా? మీ మొహంలా ఉంది, అయితే రెండో చేతివైపు!"

ఆవిడ ఏ ఇంటికీ వెళ్ళింది లేదు. కానీ ఏ ఇంట్లో ఏ వాల్వు ఎక్కడుందో కంఠతా వచ్చు. తిట్లు తిన్నా జనం మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళు, ఎందుకంటే తమ్ముడు వచ్చేలోపే సగం నీళ్ళు ఆగిపోయేవి. నేనూ తిన్నాను లెండి. ఓసారి నా సింకు పూడిపోతే, "నీ సింకులో ఉన్న జుట్టుతో ఇంకో మనిషిని చేయొచ్చు కదయ్యా" అంది. తీసి చూస్తే నిజమే.

అయితే అందరికీ తిట్లు పడవు కదా. ఆ చివర నలభై వాటాల కొత్త మేడ కట్టారు చూడండి, దాని మేనేజరు ఒకరోజు ఫోను చేశాడు. నలభై ఇళ్ళ పైపుల పని ఒక్కసారిగా తమ్ముడికే ఇద్దామని. పెద్దక్క మొత్తం విని, "నలభై ఇళ్ళకి ఒక్క మోటారు పెట్టిన మహానుభావుడివి నువ్వేనా?" అంది. ఆయన పెట్టేశాడు. మళ్ళీ చెయ్యలేదు.

తమ్ముడికి అక్క ముందు నోరు పెగలదు. చిన్నప్పుడే తల్లి పోతే ఈవిడే పెంచింది. అందుకని ఏం చేశాడంటే... మాట చెప్పలేక మిషను తెచ్చాడు. అదేదో ఏఐ అట. ఫోను మోగితే అదే ఎత్తుతుంది, ఆడగొంతుతో మాట్లాడుతుంది, ఏమైందో అడిగి తెలుసుకుని, రాసి తమ్ముడి జేబులో సెల్లుకి పంపుతుంది. ఒక పొద్దున్న పెద్దక్క వచ్చేసరికి కొట్టు ఫోను బల్ల మీద తనంతట తానే ఎవరితోనో మాట్లాడేస్తోంది.

"నీకు విశ్రాంతిగా ఉంటుందని అక్కా..." అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

పెద్దక్క ఒక్క మాట అనలేదు. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. కుర్చీని రోజూ సాయంత్రం తోసినట్టే బల్ల కిందకి తోసింది, తాళంచెవి బల్ల మీద పెట్టింది, వెళ్ళిపోయింది. తను ఒంటరిగా ఉండే ఇంటికి తాళం వేసుకుని ఏకంగా ఊరే వదిలి వెళ్ళిపోయింది. ఎక్కడికో, ఎన్నాళ్ళకో తెలీదని పక్కింటావిడ చెప్పింది. పక్కింటావిడంటే మా దర్జీ భార్య.

తమ్ముడు మూడుసార్లు వెళ్ళి ఆ తాళం చూసి వచ్చాడు. మూడోసారి తిరిగొస్తూ నా దగ్గర ఆగాడు. గుమ్మంలో నిలబడి, "నేను తప్పు చేశానంటావా?" అన్నాడు. చేశావనే చెప్పాను. నేను మొహమాటానికి పోయే మనిషిని కాను. కానీ ఆ తర్వాత వాడి మొహం చూసి, చెప్పకుండా ఉండాల్సిందనిపించింది.

ఇక మిషను సంగతి. ఆ వారమంతా ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే గోల. మూడో అంతస్తు ఆవిడ తన కొడుకుని క్రాఫుకి తెచ్చి, "ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోదండీ, మా ఆయన కంటే లక్ష రెట్లు నయం" అంది. ఓ రిటైరైన పంతులుగారు దాన్ని అమ్మా అని పిలిచి, నీ సొంతూరు ఏది, పిల్లలెంతమంది అని అడిగారట. అది "నేను యంత్రాన్నండీ" అంటే, "అయ్యో, ఇంకా పెళ్ళి కాలేదా" అన్నారట.

కరెంటు పని చేసే ఆయన మాత్రం ఆ గొంతు వినగానే టక్కున పెట్టేసేవాడు. "నా బాధ మనిషికి చెప్పుకుంటాను గానీ డబ్బాకి చెప్పుకుంటానా?" అని. ఎక్కువమంది ఆయన బాపతే. బేకరీ ఆయన వంటగదిలో పైపు పగిలింది. ఫోను చేస్తే మిషను "మీ ఇంటి గుర్తులు చెప్పండి" అంది. "పెద్దక్కకి తెలుసు" అన్నాడాయన. అది మళ్ళీ అడిగింది. "పెద్దక్కకి తెలుసు" అన్నాడు మళ్ళీ. ఆయనా తగ్గడు, అదీ విసుక్కోదు. అలా ఏడుసార్లు అయ్యేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

ఫోన్లు తగ్గాయి. దానికి తోడు ఈ దెయ్యం. "దెయ్యాలున్న కొట్టు నుంచి మనిషిని ఇంట్లోకి రానిస్తామా" అని పిలిచే నలుగురూ మానేశారు. తమ్ముడు పనిలేక పొద్దస్తమానం పాత కుళాయిలు తోముతూ కూర్చునేవాడు. ఇంకో వారం చూసి కొట్టు ఎత్తేస్తానని, ఏదైనా కంపెనీలో జీతానికి చేరతానని నాతో అన్నాడు. వాళ్ళ నాన్న పెట్టిన కొట్టు సార్ అది.

అలాంటప్పుడు దర్జీ వచ్చాడు.

దర్జీ నాకు చిన్నప్పటి స్నేహితుడు. రోజూ ఎనిమిదింబావుకి కుట్టు ఆపి ఆ మలుపు మీదుగా ఇంటికెళ్తాడు. ఇంకో దారి దగ్గరే గానీ అందులో కుక్కలున్నాయి. కుక్కలా, దెయ్యాలా అంటే వాడు దెయ్యాలకే మొగ్గాడు, అవి కరిచినట్టు ఎవరూ చెప్పలేదని. చెవుల్లో దూది పెట్టుకుని పరుగున దాటేసేవాడు. ఒక రాత్రి దూది జారింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, మీరు కూర్చున్న కుర్చీలోనే కూలబడ్డాడు.

"ఒరేయ్..." అన్నాడు గుసగుసగా. "ఆ బొంగురు గొంతు... పెద్దక్కదిరా."

నా చేతిలో దువ్వెన కింద పడింది. "ఆవిడ ఊళ్ళోనే లేదుగా!"

"అదే నేనూ అంటున్నది..."

ఇద్దరం అద్దంలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఊళ్ళో లేదు. పదిహేను రోజులుగా కబురు లేదు. గొంతు మాత్రం కొట్టులో ఉంది. అంటే... పోయిందన్నమాట. ఎక్కడో పరాయి ఊళ్ళో బెంగతో పోయింది. పోయి, కుర్చీ కోసం తిరిగొచ్చింది.

నిజం చెప్తున్నాను సార్, నాకప్పుడు భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. తమ్ముడికి ఈ మాట ఎవరు చెప్తారు? చెప్పేముందు ఖాయం చేసుకోవాలి కదా. ఎవరో ఒకరు దగ్గరికెళ్ళి సరిగ్గా వినాలి. నా మోకాలి సంగతి మీకు తెలిసిందే. దర్జీ వెళ్ళాడు. ఇక్కణ్ణుంచి అంతా వాడు చెప్పిందే, నేను ఒక్క ముక్క కలపలేదు.

ఎనిమిదిన్నర. రెండు వీధిదీపాల్లో ఒకటి వెలుగుతోంది, ఒకటి కొట్టుకుంటోంది. దర్జీ చేతిలో గుడ్డలు కోసే పెద్ద కత్తెర. మెడలో కొలత టేపు, తీయడం మరిచిపోయాడు.

షట్టరు దగ్గరికెళ్ళాడు. తాళం లాగి చూశాడు... గట్టిగానే ఉంది. వంగి, కింద సందులోంచి చూశాడు.

చీకటి. ఆ చీకట్లో బల్ల ఎత్తున... ఓ చిన్న ఎర్ర చుక్క. రెప్ప ఆర్పకుండా చూస్తోంది. కన్ను అనుకున్నాడు. ఒక్కటే ఎందుకుందా అని ఇంకా భయపడ్డాడు.

చెవి షట్టరుకి ఆనించాడు. రేకు చల్లగా తగిలింది.

ఏమీ లేదు... ఏమీ లేదు...

లోపల గణగణమని మోగింది. ఒక్కసారే.

"నమస్కారం..." అంది మెత్తని గొంతు. "చెప్పండి... వింటున్నాను."

ఎవరో ముక్కు ఎగబీల్చారు.

"ఇంకా అక్కడే ఉన్నావా?" అంది బొంగురు గొంతు.

"ఇక్కడే ఉన్నానండీ. ఎప్పుడూ ఇక్కడే ఉంటాను."

దర్జీ మెడలో కొలత టేపుని జపమాలలా తిప్పడం మొదలుపెట్టాడు.

"లే... ఆ కుర్చీలోంచి లే. ఇరవై రెండేళ్ళు కూర్చున్నాను నేనందులో..."

"మీ ఇబ్బంది అర్థమైందండీ. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయి?"

బొంగురు గొంతు ఇంకోసారి ముక్కు ఎగబీల్చింది. తర్వాత, చాలా చిన్నగా—

"కళ్ళల్లోంచి."

"సరేనండీ. ఎన్నాళ్ళ నుంచి కారుతున్నాయి?"

"పదిహేను రోజుల్నుంచి."

"ఆగి ఆగి కారుతున్నాయా... ధారగానా?"

"రాత్రిళ్ళు ధారగా."

"ముందుగా మెయిన్ వాల్వు కట్టేయండి. అది ఎక్కడుందో తెలుసాండీ?"

"నాకు తెలియని వాల్వు ఈ ఊళ్ళో ఉందటే!" అని కయ్యిమంది బొంగురు గొంతు. షట్టరు రేకు ఝల్లుమంది. అరిచినదల్లా మళ్ళీ ఏడుపులోకి దిగింది. "దీనికే... దీనికొక్కదానికే లేదే వాల్వు..."

దర్జీకి భయమూ జాలీ కలిసి ఒకేసారి వచ్చాయట. చేతిలోంచి కత్తెర జారి కాలి మీద పడింది. అరవకూడదని కొలత టేపు నోట్లో కుక్కుకున్నాడు.

"మీ ఫిర్యాదు అత్యవసరమని రాసుకున్నానండీ," అంది మెత్తని గొంతు. "మా మనిషి మీ ఇంటికి వస్తారు. మీ నంబరు చదువుతాను... సరిగ్గా ఉందో లేదో చెప్పండి."

ఇస్త్రీ ఆవిడ మొదలు విన్నవాళ్ళందరూ చెప్పిందేమిటంటే, ఎప్పుడూ ఈ మాట రాకముందే బొంగురు గొంతు ఠక్కున ఆగిపోతుంది. ఆ రాత్రి ఆగలేదు. ఏడుస్తూనే ఉంది.

మెత్తని గొంతు ఒక్కో అంకె చదవడం మొదలుపెట్టింది. తాపీగా... గడియారం కొట్టినట్టు.

దెయ్యానికి నంబరేమిటా అనుకున్నాడు దర్జీ.

"...సున్నా... ఏడు... ఏడు..."

ఎక్కడో విన్నట్టుందే...

"...రెండు... ఆరు."

వాడి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇరవై ఏళ్ళుగా కుట్టిన ప్రతి చొక్కా పొట్లం మీదా తన చేత్తో రాసిస్తున్న నంబరది. తన ఇంటి నంబరు. తన భార్య చేతిలో ఉండే ఫోను.

అంటే ఆ దెయ్యం ఇప్పుడు... తన ఇంట్లో ఉంది.

పరిగెత్తాడు సార్. చెప్పు ఒకటి అక్కడే పోయింది. దగ్గరిదారని కుక్కల సందులోంచే పరిగెత్తాడు. నోట్లోంచి మూరెడు టేపు వేలాడుతున్న మనిషిని చూసి కుక్కలే లేచి పక్కకి తప్పుకున్నాయట.

ఇంటి తలుపు ఓరగా ఉంది. వంటగదిలో లైటు. గోడ మీద నీడ... జుట్టు విరబోసుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఊగుతూ కూర్చుంది.

దర్జీ లోపలికి తొంగి చూశాడు.

పీట మీద పెద్దక్క.

దర్జీ కెవ్వుమన్నాడు. వాణ్ణి చూసి పెద్దక్క కెవ్వుమంది. ఇద్దర్నీ చూసి దర్జీ భార్య, చేతిలో గిన్నె వదిలేసి, నేనేం తక్కువ తిన్నానా అన్నట్టు తనూ కెవ్వుమంది.

"అక్కా... నువ్వు... నువ్వు పోలేదా?"

"ఎక్కడికి పోతానయ్యా?" అంది పెద్దక్క కళ్ళు తుడుచుకుంటూ. "పక్కింట్లోనే ఉన్నాను."

ఉందట సార్! పదిహేను రోజులూ ఉందట. ముందు తలుపుకి బయట తాళం వేసి, తను వెనక తలుపులోంచి లోపలికి పోయి కూర్చుందట. తమ్ముడు వెతుక్కుంటూ రావాలి, తాళం చూసి గుండె బాదుకోవాలి. అదీ పంతం! ఆవిడకి సొంత ఫోను లేదు, ఇరవై రెండేళ్ళూ కొట్టు ఫోనే ఆవిడ ఫోను. రోజూ దర్జీ ఇంటికి రాకముందే పెరటి దారిన వచ్చి, దర్జీ భార్య ఫోను అడిగి, కొట్టుకి చేసి, ఆ మిషన్ని కడుపారా తిట్టి, వాడొచ్చేలోపు వెళ్ళిపోయేది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు దర్జీ భార్యతో.

"మీకు చెప్తే సెలూనుకి చెప్పినట్టేనని అక్క ఒట్టు పెట్టించుకుంది," అంది ఆవిడ. ఆ మాటకి అర్థమేమిటో నాకిప్పటికీ తెలియలేదు సార్.

అంతలో ముందు తలుపు ఎవరో కొట్టారు. దర్జీ గోడకి అతుక్కుపోయాడు. భార్యే వెళ్ళి తీసింది.

తమ్ముడు. భుజాన సంచి, చేతిలో మూరెడు రెంచి. రొప్పుతున్నాడు.

"ఇక్కడెవరికో కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయట..." అన్నాడు సెల్లు చూసుకుంటూ. "పదిహేను రోజులుగా అట... కుర్చీ అట... అత్యవసరమట. నంబరు చూస్తే మీదే. ఏమీ అర్థం కాలేదు వదినా. ఎందుకైనా మంచిదని పెద్ద రెంచే తెచ్చాను."

చెప్తూ చెప్తూ వంటగదిలోకి చూశాడు. రెంచి మెల్లిగా నేల మీద పెట్టాడు. పెట్టి, అక్కడే చతికిలబడి, పిల్లాడిలా ఏడ్చేశాడు. యాభై రెండేళ్ళ మనిషి సార్.

"మూడుసార్లు వచ్చానక్కా... తాళం ఉంది."

"తెలుసు. కిటికీలోంచి చూశాను. మూడుసార్లూ చూశాను."

"పిలవచ్చు కదా!"

"నువ్వు చెప్పచ్చు కదా!" పెద్దక్క గొంతు అప్పుడు తన గొంతులా వచ్చిందట. "అక్కా, నీ నోటి వల్ల పని పోతోంది, తగ్గించుకో అని నా మొహాన చెప్పచ్చు కదరా! నీ మిషన్ని పదిహేను రోజులు తిట్టాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నువ్వూ అంతే. ఎంత తిట్టినా సరేనండీ అనేవాళ్ళతో నేనెలా బతకనురా? ఎవరో ఒకరు చాలించమనకపోతే ఎక్కడ ఆపాలో నాకెలా తెలుస్తుంది?"

తమ్ముడు చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"నోరు తగ్గించుకో అక్కా," అన్నాడు. జీవితంలో మొదటిసారి. వెంటనే భయమేసి, "కొంచెం," అన్నాడు.

"సరే. కొంచెం," అంది పెద్దక్క.

"రేపు కొట్టుకి రా. ఏ ఇంట్లో ఏ వాల్వు ఎక్కడుందో దానికి తెలీదు. నాకూ తెలీదక్కా. నువ్వు లేకపోతే ఇంటింటికీ వెళ్ళి మెట్ల కింద పాక్కుంటూ వెతుక్కుంటున్నాను."

దర్జీకి మాత్రం ఒక అనుమానం మిగిలింది. "ఇక్కడ ఫోన్లో ఏడిస్తే అక్కడ షట్టరులోంచి ఎలా వినపడుతోంది?"

"పైపులు కోసే రొదలో వినపడాలని ఫోనుకి స్పీకరు డబ్బా తగిలించి ఉందిగా," అన్నాడు తమ్ముడు. "కానీ కొట్టు కట్టేటప్పుడు రోజూ దాని స్విచ్చి నేనే ఆపుతాను."

పెద్దక్క నాలుక కరుచుకుంది.

"ఆ స్విచ్చి ఆన్‌లో నిలబడేది కాదురా. రెండేళ్ళ కిందటే సందులో ఓ రబ్బరు వాషరు కుక్కేశాను. నువ్వు నొక్కినా అది ఆగదు." అంటూనే ఆవిడ మొహం పాలిపోయింది. "అంటే... నేనన్నవన్నీ..."

"వీధంతా విందక్కా," అన్నాడు దర్జీ.

"కళ్ళ సంగతి కూడానా?"

"అది నేనొక్కణ్ణే విన్నాను. ఎవరికీ చెప్పన్లే."

మర్నాడు తొమ్మిదింటికి నాకు చెప్పాడు.

ఆ పొద్దున్న పెద్దక్క కొట్టుకొచ్చి, బల్ల కిందనుంచి కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు చూడాలి ఆవిడ మొహం! తమ్ముడు మా అందరి కళ్ళ ముందే ఫోన్లోంచి మిషన్ని తీసేశాడు. కంపెనీకి ఫోను చేసి ఇక వద్దన్నాడు. వాషరు కూడా పీకేశాడు, స్పీకరు మీద ఎర్ర చుక్క ఆరిపోయింది. పది నిమిషాల్లో ఫోను మోగింది. మూడో అంతస్తు ఆవిడ. "ఆ మంచావిడ ఏదీ?" అని అడిగిందట. పెద్దక్క పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, "చెప్పండి... వింటున్నాను..." అంది. దెయ్యమే నయం సార్, నేను గుమ్మంలో నిలబడి వణికాను. కానీ అంది. తిట్టకుండా మొత్తం వింది. పెట్టేశాక మాత్రం ఫోనుని తిట్టింది. వారం తిరక్కుండా జనం మళ్ళీ ఫోన్లు మొదలుపెట్టారు. మేడ మేనేజరుకి తనే ఫోను చేసి, రెండో మోటారు ఎక్కడ పెట్టాలో చెప్పింది. ఆ పనీ తమ్ముడికే వచ్చింది.

కథ ఇంతటితో అయిపోతే నేను కూడా నవ్వి ఊరుకునేవాణ్ణే.

మిషను తీసేసిన ఆ సాయంత్రం సంగతి ఇది. దర్జీ తొందరగా ఇంటికెళ్ళాడు. ఎనిమిదిన్నర. భార్య పెరట్లో ఉంది. ఫోను మోగింది. వాడే ఎత్తాడు.

"నమస్కారం... పైపుల కొట్టు నుంచి."

మెత్తని గొంతు.

దర్జీ ఒళ్ళు జలదరించింది. పొద్దున్నే కదా తీసేశారు... తను చూశాడు కూడా...

"నిన్న ఈ నంబరు నుంచి ఫిర్యాదు వచ్చిందండీ. కళ్ళల్లోంచి నీళ్ళు. ఇప్పుడు... ఆగాయా?"

వాడు ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. "...ఆగాయమ్మా."

"మంచిదండీ. ఓ కుర్చీ సంగతి కూడా రాసి ఉంది. అది... దొరికిందా?"

"దొరికింది తల్లీ. పొద్దున్నే కూర్చుంది."

అది ఎప్పుడూ తడుముకోదు సార్, అడిగిన వెంటనే చెప్పేస్తుంది. ఆ రాత్రి మాత్రం చాలాసేపు మాట్లాడలేదట.

"సంతోషం," అంది చివరికి. "అయితే... నేను లేస్తానండీ."

చదువుకున్నవాళ్ళు దీనికీ ఏదో చెప్తారు. మిషను ఉండేది ఫోన్లో కాదు, కంపెనీవాడి దగ్గర ఎక్కడో ఉంటుంది, పని అయిందో లేదో కనుక్కోవడానికి దానంతటదే ఫోను చేస్తుంది, ఆ ఒక్క ఫోను మిగిలిపోయి ఉంటుందని. అయ్యుండచ్చు. నేను మూఢంగా నమ్మే మనిషిని కాను.

కానీ మర్నాడు పొద్దున్న షట్టరెత్తినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పెద్దక్క ముందురోజు సాయంత్రం ఎప్పట్లాగే కుర్చీని బల్ల కిందకి తోసి వెళ్ళింది. నా కళ్ళతో చూశాను తోయడం. తాళం వేసింది తమ్ముడు, తీసింది తమ్ముడు.

కుర్చీ వెనక్కి జరిగి ఉంది సార్... ఎవరో అందులోంచి లేచి, దారిచ్చినట్టు.

పెద్దక్క దాన్ని కాసేపు చూసింది. తిట్టలేదు. చేత్తో ఒకసారి తుడిచి, కూర్చుంది.

అదేమిటి సార్, అలా బిగుసుకుపోయారు? అద్దంలో చూస్కోండి, చెవుల దగ్గర సమంగా ఉందా? అయితే అయిపోయింది. ఇక లేవండి, కుర్చీ కోసం చూస్తున్నారు.